పదిహేడో గూడు

దెయ్యాలంటే నాకు భయం లేదు. నిజం చెప్పాలంటే గౌరవం కూడా లేదు. ఇంజనీరింగ్ హాస్టల్లో బాత్రూమ్‌లోంచి ఏడుపు వినిపిస్తోందని అమ్మాయిలంతా ఒక గదిలో ముడుచుకుని కూర్చుంటే, వెళ్లి కారుతున్న పంపు కట్టేసి వచ్చింది నేనే. కట్టేసి వచ్చాక కూడా ఇద్దరు నమ్మలేదు. అది వాళ్ల ఖర్మ.

కాబట్టి ఇది చదివి, "పాపం, పరాయి దేశం, చలి, ఒంటరితనం, ఏదో అనిపించి ఉంటుంది" అని జాలిపడేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఒంటరితనమట! నేనున్న ఇంట్లో ఏడుగురం, ఒకటే బాత్రూమ్. కాసేపు ఒంటరిగా ఉందామంటే కుదిరేది కాదు. ఇక చూసిందంతా పట్టపగలు, ట్యూబులైట్ల కింద, డ్యూటీలో ఉండగా చూశాను.

మా వాళ్లు కెనడాలో విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి. వాటర్లూలో బస్సెక్కితే వెనక సీట్లలో గుంటూరు, ముందు సీట్లలో కరీంనగర్. నేనూ ఆ గుంపులోనే దిగాను. సప్లై చెయిన్ డిప్లొమా. సప్లై చెయినే ఎందుకని అడక్కండి, సీటు అందులో దొరికింది. వీసా అప్లికేషన్‌లో మాత్రం చిన్నప్పటి నుంచీ సరుకు రవాణా అంటే నాకు ప్రాణమని కన్సల్టెన్సీ ఆయన రాయించాడు. నేను సంతకం పెట్టాను. ఆ వాక్యం గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

నాతో వచ్చినవాళ్లలో సగం మంది టొరంటో పక్కన ఎటోబికో వైపు గోడౌన్లలో పెట్టెలు మోసేవారు. నా రూమ్మేట్ మౌనిక కాఫీ షాపులో చేసేది. నాకు ఒక మ్యూజియంలో గ్యాలరీ అటెండెంట్ పని దొరికింది. ఏ మ్యూజియమో చెప్పను. అక్కడ నాకు మంచీ జరిగింది, చెడూ జరిగింది, పేరు చెబితే చెడు మాత్రమే మిగులుతుంది.

పనేమిటంటే నల్ల ప్యాంటు వేసుకుని గదిలో ఒక మూల నిలబడాలి. ఎవరైనా ఫొటోకి మరీ దగ్గరగా వెళితే నవ్వుతూ వెనక్కి రమ్మనాలి. రోజంతా నవ్వాలి, రోజంతా నిలబడాలి. అయినా ఆ పని నాకు నచ్చింది. మా సూపర్‌వైజర్ డెరెక్ నా పని చూసి, ఈ ఎగ్జిబిషన్ అయ్యాక ఫుల్ టైమ్ పోస్టు ఒకటి ఉంది, నీ పేరే చెబుతానని మాట ఇచ్చాడు. చదువు ఏప్రిల్‌తో అయిపోతుంది. వర్క్ పర్మిట్ చేతికొచ్చాక గోడౌన్‌కి పోకుండా అక్కడే ఉండిపోవచ్చు. ఆ పోస్టు నాకు ఎంత కావాలో మౌనికకు తెలుసు, నాకు తెలుసు.

ఆ ఎగ్జిబిషన్ జపాన్ ఫొటోలది. ఇప్పటి ఫొటోగ్రాఫర్లు తొమ్మిది మంది కలిసి పెట్టింది. మొదటి గదిలో మంచులో వెలుగుతున్న వెండింగ్ మెషిన్లు, రెండో గదిలో ఫ్యాక్టరీ కార్మికుల లంచ్ బాక్సులు, వాళ్ల చేతులు. మూడో గది మొత్తం ఒకామెది. ఆ గది నాకు అప్పగించారు.

ఆమె తీసినవన్నీ ఇళ్ల గుమ్మాలు. జపాన్ ఇళ్లలో తలుపు తీయగానే ఒక మెట్టు కిందికి కాస్త జాగా ఉంటుంది, బూట్లు అక్కడ విడిచి పైకి ఎక్కుతారు. జనం ఖాళీ చేసి వెళ్లిపోయిన ఒక ఊరిలో ఇల్లిల్లూ తిరిగి ఆ జాగాలే తీసింది. ఒక్క ఫొటోలో కూడా మనిషి లేడు, చెప్పుల జత లేదు. అన్నీ లోపలి నుంచి తలుపు వైపు తీసినవే. లోపల నేల మీద కూర్చుని ఎవరి కోసమో చూస్తున్న మనిషికి ఎలా కనిపిస్తుందో అలా తీశానని ఆమె చెప్పిందట. అందుకని ఫొటోల్ని గోడకి కిందుగా తగిలించారు. గది నిండా జపాన్ గడ్డి చాపలు పరిచారు. చూసేవాళ్లు బూట్లు విప్పి చాపల మీద కూర్చుని చూడాలి.

బూట్ల కోసం గది ముందు చెక్క ర్యాక్ పెట్టారు. ఇరవై నాలుగు గూళ్లు. జనవరి నెల. బయట మంచు, ఉప్పు, బురద. వచ్చినవాళ్లందరివీ నల్ల వింటర్ బూట్లే. మొదటి వారంలోనే ఒకాయన ఇంకొకాయన బూట్లు వేసుకుని పక్క ఊరు గ్వెల్ఫ్ దాకా వెళ్లిపోయాడు. రెండో ఆయన సాక్సులతో నిలబడి మా అందరినీ తిట్టాడు.

డెరెక్ తల పట్టుకున్నాడు. నేను పది నిమిషాల్లో పరిష్కారం చెప్పాను. గూటికి ఒక నంబరు, నంబరుకి ఒక టోకెన్, పక్కన టోకెన్లు తగిలించడానికి కొక్కేలు. బూట్లు నా చేతికిచ్చి టోకెన్ తీసుకెళ్లాలి, టోకెన్ ఇచ్చి బూట్లు తీసుకెళ్లాలి. ఇంత మంచి ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందని అతను మురిసిపోయాడు. ఎక్కడి నుంచేమిటి? మన దేశంలో ఏ గుడికెళ్లినా ఉండేదే.

నాకైతే ఇంట్లోనే ఉండేది. గోదావరి ఒడ్డున మా ఊళ్లో గుడి దగ్గర చెప్పుల స్టాండు మా అమ్మమ్మ నడిపేది. సెలవుల్లో నేనూ కూర్చునేదాన్ని. ఈ సంగతి దాచుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. అమ్మమ్మకి ఒక పద్ధతి ఉండేది. గుడి మూసే వేళకి ఒక్క జత మిగిలినా స్టాండు కట్టేది కాదు. లోపలికి వెళ్లి మండపాలు, మెట్లు, వంటశాల వెనక అన్నీ వెతికేది. ఉపవాసంతో కళ్లు తిరిగి పడిపోయినవాళ్లని అలా ఇద్దరు ముగ్గుర్ని పట్టుకొచ్చింది. ఇందులో మహిమ ఏమీ లేదు, లెక్క ఉంది. చెప్పులు వదిలిపెట్టి మనిషి ఎక్కడికి పోతారు?

ఇక మూర్తి అంకుల్ గురించి చెప్పాలి. డాక్టర్ మూర్తి గారిది కాకినాడ. కెనడా వచ్చి నలభై ఏళ్లు దాటింది. రిటైరయ్యాక మా మ్యూజియంలో వాలంటీర్ గైడ్‌గా శనివారాలు జనానికి ఫొటోలు చూపించి వివరించేవారు. నేను తెలుగమ్మాయినని తెలిసి మొదట సంబరపడ్డారు. ర్యాక్ దగ్గర నా పని చూశాక ఆయన ముఖం మారిపోయింది.

"ఏవమ్మా, బీటెక్ చదివి ఇక్కడ జనం బూట్లు కాస్తున్నావా? మీవాళ్లకి తెలుసా?"

"తెలుసంకుల్. మా అమ్మమ్మ చేసిన పనే."

ఆ రోజు నుంచి ఆయన నా ర్యాక్ దగ్గరికి రావడం మానేశారు. జనాన్ని రెండో గది చివర దాకా తీసుకొచ్చి, మిగతాది మీరే చూడండని చెప్పి, స్టాఫ్ వాడే వెనక కారిడార్ గుండా వాలంటీర్ల గదికి వెళ్లిపోయేవారు. అడిగినవాళ్లకి మోకాళ్ల నొప్పి, కింద కూర్చోలేనని చెప్పేవారు. మోకాళ్లు కాదని నాకు తెలుసు. ఒక తెలుగు ఆడపిల్ల చేతికి తన బూట్లు ఇవ్వడం ఆయనకి నామోషీ. నా తరఫున ఆయన సిగ్గుపడుతున్నారన్నమాట. నాకు లేని సిగ్గు ఆయనకెందుకో! నాకు ఒళ్లు మండేది.

రెండో వారం, ఒక మంగళవారం మధ్యాహ్నం. గదిలో నలుగురున్నారు. ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లున్న టోకెన్లు ఇచ్చాను. ర్యాక్ వైపు చూస్తే ఐదు జతలున్నాయి.

ఐదో జత పదిహేడో గూట్లో ఉంది. బూడిద రంగు కాన్వాస్ బూట్లు, చిన్న సైజు. తొందరలో వేసుకుని వేసుకుని మడమల దగ్గర అణిగిపోయాయి. ముందు భాగం బయటికి, వేసుకుని వెళ్లడానికి వీలుగా పెట్టి ఉన్నాయి. పదిహేడో నంబరు టోకెన్ మాత్రం కొక్కేనికే ఉంది. అంటే ఆ జత నా చేతి మీదుగా లోపలికి రాలేదు.

లోపలికి వెళ్లి నలుగురినీ అడిగాను. నలుగురూ తల అడ్డంగా ఊపారు. గది చివర కాగితం తెర ఉంది, దాని వెనక చిన్న చీకటి సందులో ఒక వీడియో ఆడుతుంటుంది. అక్కడా చూశాను. ఎవరూ లేరు. నలుగురూ వెళ్లిపోయారు. లాగ్ బుక్‌లో రాసుకుని తలెత్తేసరికి పదిహేడో గూడు ఖాళీ.

ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాను. అదే మాట లాగ్ బుక్‌లో కూడా రాశాను.

తర్వాతి గురువారం మళ్లీ వచ్చాయి. ఈసారి ముట్టుకున్నాను. రెండు సంగతులు చెబుతాను. బయట మోకాలి లోతు మంచు, వచ్చిన ప్రతి బూటు కింద నీళ్లు మడుగు కడుతున్నాయి. ఈ జత మాత్రం ఎండలో ఆరేసినట్టు పొడిగా ఉంది, అడుగున ఒక్క ఉప్పు మరక లేదు. ఇంకోటి, లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో పాదం తీసినట్టు.

నాకు భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. ఎవరైతేనేం, నా చేతికి ఇవ్వకుండా ర్యాక్‌లో ఎలా పెడతారు? ఫోన్ తీసి ఫొటో తీశాను. బూట్లు, కొక్కేనికి వేలాడుతున్న పదిహేడో టోకెన్, రెండూ ఒకే ఫొటోలో వచ్చేలా తీశాను. ఇలాంటి కథల్లో తర్వాత చూస్తే ఫొటోలో ఏమీ ఉండదు కదా. నా ఫొటోలో ఉన్నాయి. ఇవాళ్టికీ ఉన్నాయి. శుభ్రంగా, స్పష్టంగా.

గోడ మీది గుమ్మాల ఫొటోల్లో ఆ బూట్ల కోసం వెతికానా? వెతికాను. ఒక్కొక్క ఫొటో ముందు కూర్చుని వెతికాను. సినిమాలో అయితే ఏదో ఒక మూల దొరికేవి. దొరకలేదు.

డెరెక్‌కి చూపించాను. అతను నవ్వి, మీ కల్చర్‌లో బూట్లలో ఆత్మలుంటాయా అని అడిగాడు. మా కల్చర్‌లో చెప్పులు పోతాయి, అంతే, అన్నాను. వాటంతటవి రావడం నేనూ ఇక్కడే చూస్తున్నానని చెప్పాను. ర్యాక్ వైపు కెమెరా పెట్టమని అడిగాను. ఎగ్జిబిషన్ అయ్యేలోపు కుదరదన్నాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చాయి. ప్రతిసారీ లోపల వెతికాను, ఎవరూ లేరు, ఏమీ జరగలేదు. తేదీ, సమయం, లోపల ఎంతమంది, అన్నీ లాగ్ బుక్‌లో రాశాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం. మూర్తి అంకుల్ ఎప్పటిలాగే పదకొండు మందిని రెండో గది చివర దాకా తెచ్చి, నా వైపు చూడకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. నేను పదకొండు జతలు తీసుకున్నాను, పదకొండు టోకెన్లు ఇచ్చాను.

అరగంట తర్వాత ఫైర్ అలారం మోగింది. కింద కేఫ్‌లో బ్రెడ్ మాడ్చారని తర్వాత తెలిసింది, అప్పుడు మాకేం తెలుసు? ఆ మోతకి చెవులు పగిలిపోతున్నాయి. జనం లేచి పరుగెత్తుకొచ్చారు. బయట గడ్డకట్టే చలి, సాక్సులతో పంపలేను. టోకెన్లు లాక్కుంటూ బూట్లు అందించాను. పదకొండు మంది, పదకొండు జతలు. టోకెన్లన్నీ కొక్కేలకు చేరాయి.

పదిహేడో గూట్లో బూడిద రంగు బూట్లున్నాయి.

రూల్ ప్రకారం నేను గదిలో ఒకసారి చూసి, వాకీటాకీలో "మూడో గది క్లియర్" అని చెప్పి బయటికి వెళ్లాలి. గదిలో చూశాను. తెర వెనక తప్ప అంతా కనబడుతోంది, ఎవరూ లేరు. మిగతావాళ్లంతా క్లియర్ చెప్పేశారు. వెనక కారిడార్ క్లియర్ అని డెరెక్ చెప్పడం కూడా విన్నాను. ఇక నా ఒక్కదాని గదే మిగిలింది.

క్లియర్ అని నా నోటికి రాలేదు. ఒక జత మిగిలి ఉంది, మనిషి ఉన్నారు, చూసి వస్తానన్నాను. డెరెక్ వెంటనే బయటికి రమ్మన్నాడు. రెండోసారి ఇంకా గట్టిగా, ఇది ఆర్డర్ అన్నాడు. ఆర్డర్ కాదంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఫుల్ టైమ్ పోస్టు కళ్ల ముందు కనబడింది. దాని పక్కనే లాంతరు పట్టుకుని మండపం వెనక్కి వెళ్తున్న మా అమ్మమ్మ వీపు కూడా కనబడింది. రానని చెప్పి వాకీటాకీ నడుముకి తగిలించి లోపలికి వెళ్లాను.

తెర వెనక సందులో గోడకి ఒక గీత వెలుగు కనిపించింది. అది గోడ కాదు, గోడ రంగే వేసిన తలుపు. అలారం మోగితే స్టాఫ్ తలుపుల తాళాలు వాటంతటవే వదులుతాయి. ఆ తలుపు కాస్త తెరుచుకుని ఉంది. నెలన్నరగా అక్కడ నిలబడుతున్నా, అక్కడ తలుపుందని నాకు తెలియదు.

తోస్తే వెనక కారిడార్. పెద్ద పెద్ద ఖాళీ ఫ్రేమ్ పెట్టెలు గోడకి చేర్చి ఉన్నాయి. వాటి వెనక నేల మీద మూర్తి అంకుల్ పడి ఉన్నారు.

ముఖమంతా చెమట, ఒళ్లు చల్లగా ఉంది, పిలిస్తే పలకలేదు. ఆయనకి షుగర్ ఉందని, ఇన్సులిన్ తీసుకుంటారని, ఆ రోజు షుగర్ బాగా పడిపోయిందని తర్వాత తెలిసింది. నేను వాకీటాకీలో అరిచిన అరుపుకి డెరెక్, ఫైర్ వాళ్లు ఇద్దరు పరుగెత్తుకొచ్చారు, వెంటనే అంబులెన్స్ వాళ్లు. చక్కెర ఎక్కించారు. ఆ పెట్టెల వెనకకి సోమవారం దాకా ఎవరూ వచ్చేవారు కాదు. అంతసేపు ఉంటే మనిషి దక్కేవారు కాదని హాస్పిటల్లో వాళ్లే చెప్పారు.

ఇంకొకటి. ఆయన తల కింద ఆయన మఫ్లర్ నాలుగు మడతలు పెట్టి ఉంది. నువ్వు పెట్టావా అని అంబులెన్స్ అమ్మాయి నన్ను అడిగింది. లేదన్నాను. కళ్లు తిరుగుతుంటే ఆయనే మడిచి పెట్టుకుని పడుకున్నారేమో. అయ్యుండొచ్చు. ఆయనకేమీ గుర్తు లేదు.

ఆయన కాళ్లకి ఆయన నల్ల తోలు బూట్లు అలాగే ఉన్నాయి. స్ట్రెచర్ వెంట నా గదిలోంచి బయటికి వస్తూ ర్యాక్ వైపు చూశాను. పదిహేడో గూడు ఖాళీ. టోకెన్ కొక్కేనికే ఉంది. ఫైర్ వాళ్లు తీసి ఎక్కడో పడేసి ఉంటారని డెరెక్ అన్నాడు. వాళ్లని అడిగాను. పోగొట్టుకున్న వస్తువులు పెట్టే బుట్ట బోర్లించి చూశాను. లేవు.

అసలు గొడవ సోమవారం మొదలైంది. ఏం జరిగిందో రిపోర్ట్ రాయాలి. ఆర్డర్‌ని కాదని లోపలే ఉండడానికి కారణం అని ఒక గడి ఉంది. అందులో నేను ఇలా రాశాను: "పదకొండు మంది పదకొండు జతలు తీసుకుని వెళ్లారు. ఒక జత మిగిలింది. మనిషి మిగిలారని వెతికాను."

డెరెక్ అది చదివి తలుపు వేశాడు. అతను చెడ్డవాడు కాదు. నా మంచికే చెబుతున్నానన్నాడు. ఆ జత ఎవరిదో చెప్పలేవు, చూపించలేవు, ఇది కారణంగా చెల్లదు, ఆర్డర్ ధిక్కరించినట్టు అవుతుంది. అదే మూలుగు వినిపించి వెళ్లానని రాస్తే ప్రాణం కాపాడినదానివి అవుతావు. ఒక్క లైను మార్చు, పోస్టు నీదే.

కారిడార్ క్లియర్ అని చెప్పింది తనేనని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఇంటికొచ్చి చెబితే మౌనిక నెత్తి కొట్టుకుంది. "నీకేమన్న పిచ్చి లేసిందా? విన్న అని రాస్తె ఏం పోతది? ఆ ముసలాయన బతికిండు, నీకు జాబ్ వస్తది. ఇంకేం గావాలె నీకు?"

హాస్పిటల్‌కి వెళ్తే మూర్తి అంకుల్ కూడా అదే మాట. దిండుకి ఆనుకుని నా చెయ్యి పట్టుకున్నారు. "నేను మూలిగే ఉంటానమ్మా. నీకు వినబడే ఉంటుంది. అలా రాసెయ్యి, నీ ఉద్యోగం పాడుచేసుకోకు."

"ఆ అలారం మోతలో మీరు అరిచినా వినబడదు అంకుల్. మీకు స్పృహే లేదు. మీరు డాక్టరు, మీకు తెలియదా?"

ఆయన చెయ్యి వదిలి కిటికీ వైపు చూశారు. తెలుసు. ఆయనకి బాగా తెలుసు.

నేను ఎందుకు మొండికేశానో చెబుతాను. అవి మా కాగితాలన్నిటినీ అనుమానంగా చూస్తున్న రోజులు. దొంగ అడ్మిషన్ లెటర్లతో వచ్చారని, అబద్ధాలు రాసి వచ్చారని, రోజూ వార్తల్లో మేమే. ఇల్లు అద్దెకి అడిగితే ఒకటికి రెండుసార్లు కాగితాలు తిప్పి చూసేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఎందుకంటే సరుకు రవాణా నా ప్రాణమని నేనూ ఒక వాక్యం రాసి వచ్చాను. ఈ దేశంలో నా పేరు కింద ఆ ఒక్క అబద్ధం చాలు. రెండోది రాయనని నాకు నేను చెప్పుకున్నాను.

అదొక్కటే కాదు. విననిది విన్నానని రాస్తే, చూసింది చూడలేదని ఒప్పుకున్నట్టే. ఆ బూట్లు ఎవరివో నాకు తెలియదు. కానీ ఆ జత అక్కడ లేకపోతే నేను క్లియర్ అని చెప్పి అందరితో పాటు బయటికి వెళ్లేదాన్ని. ఒక మనిషి ప్రాణం నిలబెట్టినవాళ్లని రిపోర్ట్‌లోంచి నేనెలా కొట్టేస్తాను? అదీ ఒక ఉద్యోగం కోసం?

రిపోర్ట్ మార్చలేదు. ఫొటో ప్రింట్ తీసి, లాగ్ బుక్ పేజీలు జెరాక్స్ తీసి దానికి పిన్ చేశాను. సంతకం పెట్టి ఇచ్చాను. నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు. ఫుల్ టైమ్ పోస్టు ఇంకొకరికి వెళ్లింది. ఆ రోజు బస్సులో ఏడ్చాను, దాచడమెందుకు. అయినా మర్నాడు ర్యాక్ దగ్గర టైముకి నిలబడ్డాను. ఎగ్జిబిషన్ అయ్యేదాకా ఆ గది నాదే.

ఇన్నేళ్లలో చాలామంది చాలా వివరణలు ఇచ్చారు. స్టాఫ్‌లో ఎవరో కారిడార్ తలుపు నుంచి వచ్చిపోతూ విడిచి ఉంటారన్నారు. స్టాఫ్ అందరి పాదాలూ నాకు తెలుసు, ఆ సైజు ఎవరిదీ కాదు. ఆ బూట్లు అంకుల్ వాళ్ల చనిపోయిన భార్యవేమో అని కాలేజీలో ఒకమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని అడిగింది. ఆంటీ నిక్షేపంగా ఉన్నారు, ఆవిడ పాదం నా పాదం కంటే పెద్దది. కావాలని నేనే పెట్టి నాటకం ఆడానని కూడా ఒకరన్నారు. అలా ఆడి నేను సంపాదించింది వార్నింగ్ లెటరు.

దెయ్యమని నేను అనడం లేదు. అది దెయ్యమైతే, అంత పద్ధతిగా బూట్లు విప్పి, బయటికి తిప్పి పెట్టి, లోపలికి వెళ్లిన దెయ్యం గురించి నేనెక్కడా వినలేదు. నాకు తెలిసింది ఇంతే. లెక్కలో ఒక జత ఎక్కువైంది, ఆ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు. తేలలేదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

ఎగ్జిబిషన్ చివరి రోజు ఆదివారం. ఆ బూట్లు మళ్లీ రాలేదు, కానీ పదిహేడో గూట్లో నేను ఎవరి బూట్లూ పెట్టలేదు. మధ్యాహ్నం మూర్తి అంకుల్ వచ్చారు. గైడ్ బ్యాడ్జి లేదు, ఆంటీ చెయ్యి పట్టుకుని ముందు గుమ్మం నుంచి, అందరిలాగే వచ్చారు.

నా ర్యాక్ ముందు ఆగారు. గోడ పట్టుకుని వంగి, ఆయాసపడుతూ, లేసులు ఆయనే విప్పుకున్నారు. ఆంటీ సాయం చెయ్యబోతే వద్దన్నారు. ఆ నల్ల తోలు బూట్లు రెండూ కలిపి, కాసేపు చేతిలోనే పట్టుకుని, తర్వాత నా చేతికి ఇచ్చారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నావీ.

"పదిహేడు ఖాళీగా ఉంది కదమ్మా, అందులో పెట్టు," అన్నారు.

"అది ఖాళీ లేదంకుల్. పద్దెనిమిది ఇస్తాను."

ఆయన ఆ ఖాళీ గూటి వైపు చాలాసేపు చూశారు. ఆయన డాక్టరు, నలభై ఏళ్లు రిపోర్టులు చదివిన మనిషి. ఏమైనా అంటారేమోనని నేను గడ్డం ఎత్తి నిలబడ్డాను.

"సరేనమ్మా," అని పద్దెనిమిదో టోకెన్ జేబులో వేసుకుని, ఆయన లోపలికి వెళ్లి చాప మీద కూర్చున్నారు.